తవుడుకి కొన్న పేరు

ఆక్సీమీటరు ఆమె చూపుడువేలికి పెట్టాను.
రెండు అడ్డగీతలు చూపించి ఊరుకుంది.
నడిమివేలికి మార్చాను, చిటికెనవేలికి మార్చాను.
నా వేలికి పెట్టుకుంటే
తొంభై ఎనిమిది అంది, మర్యాదగా.

"దానికి నా ఏలు తెల్దమ్మా," అంది తవిటమ్మ,
"రేషన్ మిషినుకీ తెల్దు."

పలాసలో పద్దెనిమిదేళ్ళు జీడిగింజ కొట్టిన చేతులు.
సొన తాగి తాగి నల్లబడ్డ వేళ్ళమీద
కడుపులోనే గీసుకొచ్చిన గీతలు
కిలోకింత లెక్కన కరిగిపోయాయి.
శానిటైజరు చుక్క వేస్తే
పగుళ్ళలోకి దిగి
పళ్ళు బిగపట్టింది.
నేను గోడమీది పోస్టరు చదువుతున్నట్టు నటించాను.

నేను ఆశా వర్కర్ని. నా పుస్తకంలో గళ్ళుంటాయి.
జ్వరానికొకటి, షుగరుకొకటి, కిడ్నీకొకటి,
ఆడా మగా, కులం, ఆధారు.
ఏ గడికా గడి గోడ కట్టుకుని ఉంటుంది.
తవిటమ్మ మాత్రం ఒక్క ఒంటితోనే
అన్నింట్లోనూ కాపురం చేసేది.

మొగుడు పోయిన మూడేళ్ళకి ఆమె కాళ్ళూ వాచాయి.
ఉద్దానంలో ఏ నీళ్ళో, ఏ మట్టో,
పెద్దపెద్ద డాక్టర్లొచ్చి సీసాల్లో పట్టుకెళ్ళారు.
ఆమె తేల్చుకున్నది ఒకటే:
టిన్ను నీళ్ళు పిల్లకి, బోరు నీళ్ళు తనకి.

ఆరడుగుల దూరం గురించి చెప్పడానికి
ఆ వీధికి మొదటిసారి వెళ్ళిన రోజు
మలుపు దగ్గరే నిలబడి కేకేశాను.
"అక్కడే ఉండమ్మా, మాకు అలవాటే," అంది.
అప్పుడు నవ్వాననుకుంటాను.
మా వీధికీ వాళ్ళ వీధికీ మధ్య
టేపు పెట్టి కొలిచే పని లేకపోయింది.
మా అమ్మమ్మ ఎప్పుడో కొలిచి పెట్టింది.

సోమవారం, గురువారం డయాలసిస్.
ఆటోలు ఆగిపోయిన వారం
తమ్ముడి సైకిలు వెనక కూర్చుని బయల్దేరింది.
కాశీబుగ్గ దగ్గర పోలీసు కాగితం అడిగాడు.
కాగితం తడిసిపోయింది.
ఎడమచెయ్యి చాపి ఫిస్టులా చూపించింది:
"సెయ్యెట్టి సూడు బాబూ, లోపల తుమ్మెదలాగ గుర్రుమంటాది."
అతను చెయ్యి పెట్టలేదు.
రోగమంటే భయమో,
మరేదో.

వదిలాడు, అది వేరే సంగతి.
సెంటర్లో జ్వరం చూసి, ముందు నెగెటివ్ రిపోర్టు తెమ్మన్నారు.
రిపోర్టుకి మూడు రోజులన్నారు.
రక్తం మాత్రం రిపోర్టు కోసం ఆగదు,
చేరేది చేరుతూనే ఉంటుంది.

రెండో రాత్రి మలుపు దాటి వెళ్ళాను.
అరుగుమీద కూర్చున్నాను, మొదటిసారి.
ఆయాసంలోనే పేరు కథ చెప్పింది.
ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే
వాళ్ళమ్మ ఈమెను చేటలో పెట్టి
పొరుగింటావిడ చేతికిచ్చి
గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుందట.
"తవుడు పాటి ఇలవ దీనిదని
సావు ఒగ్గీసి ఎలిపోద్దనుకున్నారు మా వోల్లు.
ఇలవ లేదనే గదేటమ్మా ఇప్పుడు..."
దగ్గొచ్చింది. మాట అక్కడే ఉండిపోయింది.

నాలుగో రోజు ఉదయం నా ఫోనుకి మెసేజి.
తవిటమ్మ, నలభై రెండు, స్త్రీ, నెగెటివ్.
అప్పటికి ఇంటిముందు నీళ్ళు చల్లి ఆరిపోయాయి.

కరోనా గడిలో లేదు, కాబట్టి పరిహారం జాబితాలో లేదు.
కిడ్నీ అని రాశాను.
అబద్ధం కాదు.
పెన్ను గీతకి ఆనుకుని చాలాసేపు ఆగింది,
పక్క గడిలోకి కొంచెం సిరా జారింది కూడా.
వైట్నర్ పెట్టమన్నారు పైవాళ్ళు.

"మాయమ్మ దేనితో పోయిందని రాసినావు?"
అడిగింది ఈశ్వరి, పదిహేడేళ్ళది.
గడి చిన్నదమ్మా, అన్నాను.
పిల్ల ఏమీ అనలేదు.
సంతకం వచ్చు, అయినా వేలిముద్రే అడిగారు.
ఇంకు ప్యాడుమీద బొటనవేలు ఒత్తి తీసింది.
గీతలన్నీ పడ్డాయి, సుడితో సహా.

వచ్చే వారంనుంచి జీడికి వెళ్తుందట.